నాన్న గొంతు కోసం గుంటూరు దాకా

“అమ్మా, మీకు డబ్బుల్లేవు గాని, ఒళ్ళో ఉన్న ఆ మూటకు లగేజీ కొట్టాల్సి వచ్చేట్టుందే” అన్నాడు కండక్టరు నవ్వుతూ. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు బస్సుల్లో ఉచితం కదా! సున్నా టిక్కెట్టు చేతిలో పెట్టి, మూటలో ఏముందని అడిగాడు. పాత దుప్పటి కొంచెం తొలగించి చూపించాను. “వీసీఆరా! ఇవి ఇంకా ఉన్నాయా?” అని ఆశ్చర్యపోయాడు.

పక్క సీట్లో పెద్దావిడ తొంగి చూసి, “ఉండకేం, మా ఇంట్లోనూ ఒకటుంది. దానిమీద ఊరగాయ జాడీ పెట్టుకున్నా” అంది. బస్సంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గాని, మూటను మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

మాది పర్చూరు. పుట్టిల్లు ఇంకొల్లు దగ్గర పల్లెటూరు. మొన్నమొన్నటిదాకా ప్రకాశం జిల్లా అని రాసుకునేవాళ్ళం, 2022లో బాపట్ల జిల్లా అయింది. ఏ జిల్లా అయితేనేం, అదే నల్లరేగడి. వానొస్తే చెప్పు వదిలేసి నడవాలి, ఎండొస్తే నెర్రెల్లో కాలు ఇరుక్కుంటుంది. చిలకలూరిపేటలో బస్సు మారి హైవే ఎక్కితే యడ్లపాడు మీదుగా గుంటూరు దాకా అటూ ఇటూ స్పిన్నింగు మిల్లులు, కాయలు దాచే ఏసీ గోడౌన్లు. మాఘమాసం కావటంతో పొలాల్లో కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. కిటికీ మూసినా లాభం లేదు. బస్సులో ఒకరు దగ్గితే గొలుసుకట్టుగా అందరూ దగ్గారు. ఈ రోడ్డు మీద అలవాటు లేనివాళ్ళెవరో ఆ దగ్గుతోనే తెలిసిపోతుంది.

ఇంతకీ వీసీఆర్ మోసుకుంటూ గుంటూరు ఎందుకు వెళ్తున్నానో చెప్పాలి.

నా పెళ్ళి 1999 ఫాల్గుణంలో జరిగింది. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు, ఇంటర్ పాసై రెండేళ్ళు. పెళ్ళి మా పుట్టింటి ముంగిట్లోనే. కల్లం ఎత్తకముందే ముహూర్తం కుదరటంతో పందిరికి అవతల కాయలు ఆరబోసే ఉన్నాయి. మగపెళ్ళివారు దిగుతూనే దగ్గుతూ దిగారు. ఇప్పటికీ మా ఆడపడుచు ఎత్తి పొడుస్తుంటుంది, “మీ ఇంటి మర్యాద ముక్కుకు తగిలింది వదినా” అని.

ఆ పెళ్ళికి వీడియో తీయించారు నాన్న. అది మా ఇంట్లో పెద్ద విశేషం. 1987లో తెల్లదోమ పత్తిని తినేసిన ఏడు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో ఎన్ని మందులు కొట్టినా దోమ చావలేదు. అప్పులు తీర్చలేక ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. మా నాన్న ఆ దెబ్బనుంచి లేవటానికి పదేళ్ళు పట్టింది. పత్తి తగ్గించి మిరపలోకి దిగారు. అట్లాంటి మనిషి వీడియోకు ఒప్పుకున్నారంటే, “పిల్ల ముచ్చట” అన్నారంతే.

వీడియో అతను వారం తర్వాత క్యాసెట్టు తెచ్చాడు. తనే మంచి వీసీఆర్ కూడా మోసుకొచ్చి పెట్టి చూపించాడు. అందులో అన్నీ మాటలే. మంగళవాద్యాలు, పిల్లల ఏడుపులు, పంతులుగారి మంత్రాలు, వంటవాళ్ళ కేకలు. నాకు నచ్చలేదు. నా స్నేహితురాళ్ళ పెళ్ళి క్యాసెట్లలో మొదట్నుంచి చివరిదాకా సినిమా పాటలుంటాయి, గులాబీ పువ్వు విచ్చుకుని అందులోంచి దంపతుల బొమ్మ వస్తుంది. “నాకూ పాటలు కావాలి” అన్నాను. అడిగింది నేనే. ఎవర్నీ అనటానికి లేదు. అతను క్యాసెట్టు పట్టుకెళ్ళి రెండు రోజుల్లో పాటలు ఎక్కించి ఇచ్చాడు. నాన్న మాట్లాడుతుంటారు, పెదవులు కదులుతుంటాయి, వినపడేది మాత్రం పాట.

నాన్న 2006లో పోయారు, గుండెపోటుతో. ఇప్పట్లాగా ఇంటికి నాలుగు సెల్‌ఫోన్లున్న రోజులు కావు. ఆయన గొంతు ఎక్కడా లేదు. పోయిన సంక్రాంతికి పుట్టింటికి వెళ్తే, పిండివంట చేస్తూ చేస్తూ అమ్మ ఆగిపోయింది. “మీ నాన్న ముఖం కళ్ళకు కట్టినట్టుంటుందే. గొంతు ఎట్లా ఉండేదో గుర్తు రావటంలా” అంది. నూనె మాడిపోతున్నా గరిటె కదపలేదు.

ఆ రాత్రే అటక ఎక్కి క్యాసెట్టు దింపాను. మాటలు లేకపోతే పోనీ, మనిషి కదలటమైనా అమ్మకు చూపిద్దామని. ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి, “అమ్మా, ఇది కంప్యూటర్లోకి ఎక్కించుకుంటే ఎన్నాళ్ళైనా ఉంటుంది. ముందు మంచి వీసీఆర్ చూడు. కంప్యూటరు పని నాది” అంది.

ఎంత తేలిగ్గా అంది! 1976లో జపాన్‌లో జేవీసీ వాళ్ళు మొదలుపెట్టిన ఈ వీహెచ్‌ఎస్ యంత్రాలను చివరిదాకా తయారుచేసింది ఫునాయ్ వాళ్ళు. 2016 జులైలో వాళ్ళూ మానేశారు. అంటే ఇప్పుడు దొరికేదల్లా ఎవరో ఒకరు వాడి పక్కన పడేసిందే. పాత ఆవును కొన్నట్టు పళ్ళు చూసి కొనుక్కోవాలి. మాకు పళ్ళు చూడటం రాక రెండుసార్లు దెబ్బ తిన్నాం.

మొదటిది అమెరికాది. న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడికి చెప్తే, అక్కడ ఎవరి గ్యారేజీ అమ్మకంలోనో పది డాలర్లకు కొని, సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని తెచ్చాడు పాపం. మన కరెంటు 230 వోల్టులు, దానికి 120 చాలు. అందుకని ఒక ట్రాన్స్‌ఫార్మరు కొన్నాం. తీరా పెడితే బొమ్మ పైకీ కిందికీ దొర్లుతుంది, రంగులేదు. మన దేశంలో పాల్ పద్ధతి, సెకనుకు 25 బొమ్మలు, 625 గీతలు. అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ, సెకనుకు సుమారు 30 బొమ్మలు, 525 గీతలు. క్యాసెట్టు పెట్టె చూడటానికి ఒకటే, లోపలి లెక్క వేరు. విదేశాల్లో ఉన్న పిల్లలతో తెప్పించుకునేవాళ్ళు యంత్రం మీద ‘పాల్’ అనో, ‘మల్టీ సిస్టమ్’ అనో ఉందేమో ఫొటో తీయించుకుని చూడండి. గల్ఫ్ నుంచి వచ్చిన పాతవాటిలో రెండు పద్ధతులూ ఆడేవి చాలా ఉండేవి.

రెండోది ఒంగోలులో మా పిన్నిగారిది. అది వీసీఆర్ కాదు, వీసీపీ. రికార్డు చేయదు, ఆడటం ఒకటే. మన పనికి ఆడితే చాలుగా అనుకున్నాం. బొమ్మ వచ్చింది. నాన్న తెల్ల పంచె కట్టుకుని పందిరి గుంజ దగ్గర నిలబడి ఎవరితోనో గట్టిగా ఏదో అంటున్నారు. వెనక కాయలు ఎర్రగా కనపడుతున్నాయి. వినపడింది పాటే. అమ్మకు చూపిద్దామనుకునేలోపు యంత్రం కిర్రుమంది. మా అమ్మాయి చటుక్కున ఆపింది గాని, టేపు ఒక జానెడు ముడత పడింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. తెలియని యంత్రంలో ముందు పనికిరాని క్యాసెట్టు ఒకటి వేసి చూడాలని ఆ రోజే తెలిసింది.

ఆ వీసీపీనే బాగుచేయించుకుందామని ఈ గుంటూరు ప్రయాణం. మావారు రానన్నారు. “పొలంలో కూలీలున్నారు, కాయ కోతలు. పాటల కోసం యంత్రాలు బాగుచేయించే తీరిక నాకెక్కడిది?” అన్నారు. ఆయన్ననుకుని లాభం లేదు. కోతల్లో ఇల్లాలి మాట ఎవరికి వినపడుతుంది!

గుంటూరు వచ్చినట్టు ముక్కే చెప్పింది. ఆసియాలోనే పెద్దదని పేరున్న మిర్చి యార్డు ఈ రోజుల్లో నిండు గర్భిణిలా ఉంటుంది. రోడ్డుకు ఒక పక్కన లారీలు, ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి. గోతాల మీద రైతులు తలగుడ్డ కళ్ళ మీదికి లాక్కుని పడుకుని ఉన్నారు. నాన్న కూడా ఇట్లాగే రెండేసి రాత్రులు పడుకునేవారు. తేజ కాయకు ఒక రేటు, సన్నాలకు ఒక రేటు, తాలు కాయలకు అడిగినంత. ఆయన ఇంటికొచ్చేటప్పుడు మాకు గుంటూరు మిక్చరు పొట్లం తెచ్చేవారు. చొక్కా విప్పి వేస్తే అమ్మ రెండు నీళ్ళలో జాడించినా ఘాటు పోయేది కాదు. రేటు బాగుంటే గుమ్మంలోంచే కేక వినపడేది, లేకపోతే చప్పుడు లేకుండా కాళ్ళు కడుక్కునేవారు. ఆ కేక ఎట్లా ఉండేదో నాకూ గుర్తు రావటం లేదని బస్సు దిగాక తట్టింది.

బస్టాండునుంచి ఆటోలో అరండల్‌పేట వెళ్ళాను. ఆ పేటలో లైన్ల నంబర్లు చెప్తే చాలు, ఆటో అతను కళ్ళు మూసుకుని తీసుకెళ్తాడు. ఒక లైనులో మెట్ల కింద గది. లోపల టేప్‌రికార్డర్లు, రేడియోలు, వీపు విప్పిన టీవీలు నేల నుంచి కప్పుదాకా పేర్చి ఉన్నాయి. మధ్యలో అరవై దాటిన ఒకాయన కళ్ళద్దాలు నుదుటిమీద పెట్టుకుని కూర్చున్నారు.

“బాబాయిగారూ, ఇది క్యాసెట్టును నమిలేస్తోంది” అన్నాను.

ఆయన మూత విప్పి చూపించారు. నల్ల రబ్బరు రోలరు గట్టిపడి మెరుస్తోంది, బెల్టు సాగి వేలాడుతోంది. “రబ్బరుకు వయసైందమ్మాయ్, మనలాగే. ఈ రెండూ మారిస్తే తిరుగుద్ది” అన్నారు. మధ్యలో తళతళలాడే గుండ్రటి డ్రమ్ము చూపించి, “దీనికున్న తలలే బొమ్మ చదివేది. ఇంట్లో ఎప్పుడన్నా తుడిచారా?” అన్నారు.

“అగ్గిపుల్లకు దూది చుట్టి తుడుద్దామనుకున్నాం గాని భయమేసి ఆగాం.”

“బతికించారు! మన పత్తి అన్నిటికీ పనికొస్తుంది, దీనికి పనికిరాదు. పోగు ఒకటి తలకు చిక్కుకుందా, తల విరుగుద్ది. మెత్తటి జింకతోలు లాంటి ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపి అడ్డంగా తుడవాలి. పైకీ కిందికీ రుద్దకూడదు.”

పత్తి గడ్డన పుట్టి పత్తి పనికిరాదన్న మాట వినటం అదే మొదలు.

తర్వాత నా క్యాసెట్టు తీసుకుని, కిటికీలోంచి టేపు చుట్టను లైటుకు పెట్టి చూశారు. తెల్లటి బూజు పొడిలాగా ఉంటే అసలు యంత్రంలో పెట్టనే కూడదట. ఆ బూజు యంత్రానికి అంటుకుని తర్వాతి క్యాసెట్టుకూ ఎక్కుతుంది. మాదానికి లేదు. మిరపకాయల గది పక్కన అటక కదా, చెమ్మ తగల్లేదు. మీలో ఎవరిదగ్గరన్నా క్యాసెట్లుంటే పడుకోబెట్టకుండా పుస్తకాల్లాగా నిలబెట్టండి, చెమ్మ తగలనివ్వకండి. వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్కు రేకు విరిచేస్తే దానిమీద ఇంకెవరూ పొరపాటున రికార్డు చేయలేరు.

“రోలరు మార్చి ఇస్తాను. రేపు రా” అన్నారాయన. లేచి నిలబడ్డాను గాని ఎందుకో, అమ్మ మాటా, పాటల సంగతీ చెప్పుకోవాలనిపించింది. చెప్పాను. ఆయన కళ్ళద్దాలు నుదుటిమీంచి కిందికి దించారు.

“పాటలు ఈ క్యాసెట్టు మీదే ఎక్కించాడా, వేరే క్యాసెట్టులోకి మార్చి ఇచ్చాడా?”

“ఏమో, ఇరవై ఏడేళ్ళ మాట.”

“ఈ చీటీ ఎవరు రాశారు?”

క్యాసెట్టు వీపు మీద చీటీ. నీలం సిరాతో నా పేరూ, తేదీ. నాన్న చేతిరాత. వీడియో అతను మొదటిసారి తెచ్చిన రోజునే, చూడటం అవగానే, నాన్న పెన్ను తీసి రాశారు. అది గుర్తుంది. అంటే పాటలకు వెళ్ళొచ్చింది ఇదే క్యాసెట్టు!

ఆయన లోపలికి వెళ్ళి ఒక బరువైన వీసీఆర్ తెచ్చారు. ముందు భాగంలో ‘హైఫై’ అని ఉంది. నాకు అర్థమయ్యేట్టు చీరతో చెప్పారాయన. మామూలు ధ్వని టేపు అంచున సన్నటి గీతలాగా ఉంటుంది, చీరకు అంచులాగా. వీసీపీలు, చవకరకం వీసీఆర్లు ఆ అంచునే చదువుతాయి. హైఫై యంత్రం రికార్డు చేస్తే అదే ధ్వనిని అంచులోనూ రాస్తుంది, బొమ్మతోపాటు టేపు ఒంట్లోనూ రాస్తుంది. చీర నేతలో కలిసిపోయిన జరీ పోగులాగా అన్నమాట. తర్వాత ‘ఆడియో డబ్బింగు’ మీట నొక్కి పాట ఎక్కిస్తే మారేది అంచు ఒక్కటే. ఒంట్లో ఉన్నది చెరగదు. చెరపాలంటే బొమ్మ కూడా పోవాలి.

“మీ వీడియో అతను హైఫై యంత్రం మీద చేసి ఉంటే మాటలు ఉంటాయి. మామూలు యంత్రమైతే లేవు. ఆశ పెట్టుకోకు” అన్నారు.

పెట్టుకోకుండా ఎట్లా ఉంటాం చెప్పండి!

క్యాసెట్టును ముందు ఒకసారి చివరిదాకా తిప్పి మళ్ళీ వెనక్కి తిప్పారు. ఏళ్ళ తరబడి అతుక్కుని ఉన్న పొరలు విడిపోవటానికట. ఆడిస్తే పాటే వచ్చింది. ఏదో మీట నొక్కారు. పాట ఆగింది. బర్రుమని చప్పుడు. ట్రాకింగు మీట కొంచెం కొంచెంగా జరిపారు. బర్రు తగ్గి, సన్నాయి వినపడింది. మా పెళ్ళి సన్నాయి! దాని వెనక పిల్లల గోల, పాత్రల చప్పుడు. నేను నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నాను. నాన్న ఉన్న చోటు దాకా వెళ్దామంటారేమోనని ఆయన నావైపు చూశారు. వద్దన్నాను. అమ్మ వినకముందు నేను వినటం న్యాయంగా తోచలేదు.

ఆ హైఫై యంత్రాన్నే కొన్నాను. ఎంతకని అడక్కండి, మావారికి ఇప్పటికీ సగమే చెప్పాను. వీసీపీని అక్కడే వదిలేశాను. టేపు వణుకును సరిచేసే ‘టైమ్ బేస్ కరెక్టరు’ అనే భాగం ఉన్న ఎస్-వీహెచ్‌ఎస్ రకమైతే కంప్యూటరుకు ఇంకా మంచిదట. అవి దొరకటమూ కష్టమే, దొరికితే ధరా ఆకాశంలోనే.

మరునాడు ఇంకొల్లు వెళ్ళాం, మా అమ్మాయి, నేను, మూట, కంప్యూటరు. వీసీఆర్ వెనక పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలుంటాయి. పసుపు బొమ్మకు, మిగతా రెండూ ధ్వనికి. ఆ తీగల్ని వేలెడంత క్యాప్చరు పుల్లకు తగిలించి, దాన్ని కంప్యూటరు యూఎస్‌బీలో పెట్టాలి. సమస్యల్లా కంప్యూటరుతోనే వచ్చింది. మొదటిసారి బొమ్మ ఒకచోట, మాట ఒకచోట. టేపు వణికినప్పుడు కంప్యూటరు కొన్ని బొమ్మలు మింగేస్తుందని మా అమ్మాయి చెప్పింది. మిగతా ప్రోగ్రాములన్నీ మూసి, ఇంటర్నెట్టు కూడా ఆపి, మళ్ళీ మొదట్నుంచి. డీవీ పద్ధతిలో గంటకు 13 జీబీ దాకా పడుతుంది. మూడు గంటల క్యాసెట్టుకు నలభై దగ్గర. ఇంకా నొక్కి చిన్నది చేయొచ్చు గాని, అసలుది పెద్దగానే ఉంచి, పంచుకోవటానికి చిన్నది వేరే చేసుకోమంది. ఎక్కించేటప్పుడు క్యాసెట్టు ఎంతసేపుంటే అంతసేపూ కూర్చోవాల్సిందే. ఇందులో తొందర పనికిరాదు, జంతికల పిండి లాగా.

అమ్మ పీట వాల్చుకుని స్పీకరు పక్కన కూర్చుంది. ఒక చెవి సరిగా వినపడదు, మంచి చెవి ఇటు తిప్పింది. జీలకర్ర బెల్లం అయింది, తలంబ్రాలు అయ్యాయి. ముడత పడిన చోట బొమ్మ చెదిరి గీతలు వచ్చాయి, మళ్ళీ సర్దుకుంది. పందిరి గుంజ వచ్చింది. తెల్ల పంచె వచ్చింది.

“ఆ బస్సు డ్రైవరు తిన్నాడా? ముందు అతనికి విస్తరి వెయ్యండ్రా. మన గోలలో పడి అతన్ని మర్చిపోతారు. ఒరేయ్, ఆ కాయల మీద బరకం కప్పండి, మబ్బేసింది!”

అంతే. తర్వాత సన్నాయి పెద్దదై మాట మునిగిపోయింది. అప్పగింతల దగ్గర మళ్ళీ వినపడుతుందేమోనని చూశాం. అక్కడ ఆయన అసలు మాట్లాడనే లేదు, కండువాతో ముఖం తుడుచుకుంటూ నిలబడ్డారు. మొత్తం మూడు గంటల్లో నాన్న మాట నాలుగు చోట్ల ఉంది. ఒకచోట పంతులుగారితో బేరం, ఒకచోట నన్ను పిలవటం.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. “మబ్బేసిందంటే వినలేదు మీ బాబాయి. ఆ రాత్రి వాన పడి రెండు గోతాల కాయ తడిసింది” అంది. తర్వాత మా అమ్మాయితో, “అమ్మలూ, ఆ డ్రైవరు మాట ఇంకోసారి పెట్టవే” అంది.

రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టాం, ఒకటి ఇంకొల్లులో, ఒకటి పర్చూరులో. తమ్ముడికి చిన్నది పంపితే అక్కడ అర్ధరాత్రి ఫోను చేశాడు, ఏం మాట్లాడకుండా కాసేపు ఉండి పెట్టేశాడు. క్యాసెట్టును మాత్రం పారేయలేదు. నీలం సిరా చీటీ దానిమీదే ఉంది కదా, బీరువాలో నిలబెట్టాను. ఇప్పుడు మా వీధిలో నలుగురు వాళ్ళ వాళ్ళ క్యాసెట్లు పట్టుకొచ్చి వరండాలో పెట్టిపోయారు. ఒకదానికి బూజు ఉంది, దాన్ని అరండల్‌పేట పంపాలి. కోతలు అయ్యాక ఈసారి మావారే తీసుకెళ్తానన్నారు.